అక్వేరియం అడుగున రెండంగుళాల నేల

చేపల తొట్టి ముందు నిలబడ్డవాళ్ళ చూపు మొదట చేపల మీద పడుతుంది, తర్వాత మొక్కల మీద. అడుగున పరిచిన ఇసుకనో మట్టినో పట్టించుకునేవాళ్ళు తక్కువ. మొక్కలు పెట్టి ఏడాది దాటిన తొట్టి ఏదైనా దొరికితే కాస్త వంగి, అద్దానికి ఆనుకుని ఉన్న నేల అంచు మీద టార్చిలైటు వేసి చూడండి. పైన కొద్ది మిల్లీమీటర్ల మేర గోధుమరంగు. దాని కింద బూడిదరంగు. ఇంకా కిందికి దిగితే అక్కడక్కడ చిక్కటి నల్లమచ్చలు. గది వెలుతురు తగిలే చోట అద్దం వెంబడి సన్నటి పచ్చగీత, అది నాచు. ఏదైనా మొక్క వేరు ఆ నల్లమచ్చలోకి దిగి ఉంటే, వేరు చుట్టూ మాత్రం తుప్పురంగు తొడుగు.

తొట్టిలో పోసిన రోజున ఆ ఇసుకంతా ఒకే రంగు. రెండంగుళాల మందంలో ఇన్ని అంతస్తులు ఏర్పడ్డాయంటే అక్కడ పని జరుగుతోందన్నమాట. ఆ పని ఏమిటో, ఎవరు చేస్తున్నారో తెలుసుకోకుండా నేల పాతబడింది కదా అని తవ్విపోస్తే, మర్నాటికి చేపలు పైకి తేలతాయి. తెలుసుకుని మారిస్తే ఒక ఆదివారం మధ్యాహ్నంతో అయిపోతుంది.

వరిమడిలో జరిగేదే ఇక్కడా

నీట మునిగిన నేల స్వభావాన్ని లోతుగా చదివినవాళ్ళు వరి శాస్త్రవేత్తలు. శ్రీలంకకు చెందిన పొన్నంపెరుమ ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో పనిచేస్తూ, మునిగిన నేలల రసాయన శాస్త్రం మీద 1972లో రాసిన సుదీర్ఘ సమీక్షను ఇప్పటికీ ఈ రంగంలో మూలగ్రంథంలా చూస్తారు. అందులోని విషయం అక్వేరియానికి అక్షరాలా వర్తిస్తుంది.

దమ్ము చేసి నీళ్ళు కట్టిన మడిలో, మట్టి రేణువుల మధ్య చిక్కుకున్న ఆక్సిజన్ ఒకటి రెండు రోజుల్లో ఖర్చయిపోతుంది. పై నుంచి కొత్త ఆక్సిజన్ దిగాలంటే నీటిగుండా పాకాలి. గాలిలో పాకే వేగంతో పోలిస్తే నీటిలో అది సుమారు పదివేల రెట్లు నెమ్మది. అందుకే మట్టి పైపొర కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే ఊపిరాడుతూ ఉంటుంది. దాని కిందంతా ఆక్సిజన్ లేని లోకం.

ఆక్సిజన్ లేకపోయినా అక్కడి బాక్టీరియా ఆగిపోవు. కుళ్ళిన ఆకో, చేప రెట్టో, తినకుండా వదిలేసిన గింజో వాటికి తిండి. దాన్ని కరిగించి శక్తి తీసుకునే క్రమంలో ఎలక్ట్రాన్లు మిగులుతాయి, వాటిని దేనికో ఒకదానికి అప్పగించాలి. ఆక్సిజన్ ఉన్నంతసేపూ దానికే ఇస్తాయి, ఎందుకంటే అందులో లాభం ఎక్కువ. అది అయిపోతే నైట్రేట్‌కు, ఆ తర్వాత మాంగనీసుకు, ఆపై ఇనుముకు, అదీ అయ్యాక సల్ఫేట్‌కు. చిట్టచివర మీథేన్ తయారయ్యే దశ. ఒక్కో మెట్టు దిగినకొద్దీ గిట్టుబాటు తగ్గే నిచ్చెన ఇది. అద్దం వెనక కనిపించిన రంగులు ఆ నిచ్చెన మెట్లే. ఆక్సిజన్ తగిలే ఇనుము గోధుమరంగులో ఉంటుంది. ఎలక్ట్రాన్ పుచ్చుకున్న ఇనుము బూడిదరంగుకు మారుతుంది. సల్ఫేట్ మెట్టు దగ్గర పుట్టిన హైడ్రోజన్ సల్ఫైడ్ ఆ ఇనుముతో కలిస్తే ఐరన్ సల్ఫైడ్ ఏర్పడుతుంది. నలుపు దానిదే.

ఇంతమాత్రాన ఆక్సిజన్ లేని నేల పనికిరాని నేల అనుకోకూడదు. ఇనుము, భాస్వరం పైపొరలో ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడి ఉంటాయి. కింది పొరల్లో విడిపోయి నీటిలో కరుగుతాయి, వేళ్ళకు అందుతాయి. మునిగిన నేలలో ఆమ్లమైనా క్షారమైనా కొన్ని వారాల్లో పీహెచ్ 7 దగ్గరికి జరుగుతుందని కూడా పొన్నంపెరుమ చూపించాడు. వరి అంత బాగా పండటానికి ఇదొక కారణం. అక్వేరియం మొక్కలు ఇసుకలోంచి కూడా పోషకాలు లాగగలగడానికీ ఇదే కారణం.

మరి వేళ్ళు ఊపిరాడక చావవా? వరిపైరు తన కాండంలోని గాలి గదుల గుండా ఆకుల నుంచి వేళ్ళకు ఆక్సిజన్ పంపుకుంటుంది. అందులో కొంత వేరులోంచి బయటికి కారి, చుట్టూ ఉన్న ఇనుమును తుప్పుగా మారుస్తుంది. పీకిన వరి దుబ్బుకు ఎర్రటి వేళ్ళుంటే పైరు ఆరోగ్యంగా ఉందని, నల్లబడితే అడుగున తేడా చేసిందని రైతు గుర్తుపడతాడు. వాలిస్నేరియా, క్రిప్టోకొరైన్, ఎకినోడోరస్ లాంటి వేళ్ళు దట్టంగా పట్టే అక్వేరియం మొక్కలూ ఇదే చేస్తాయి. మొక్కలు బాగా నాటుకున్న తొట్టిలో నేల చెడిపోకుండా కాపలా కాసేది ఈ వేళ్ళే. మొక్కలన్నీ ఒకేసారి పీకేసి, నేలను మాత్రం అలాగే వదిలేసిన తొట్టిలో నలుపు తొందరగా పెరగడానికి కారణం కూడా ఇదే.

నల్లమట్టి ఎంత ప్రమాదం?

హైడ్రోజన్ సల్ఫైడ్ చేపలకు విషం. లీటరు నీటిలో మిల్లీగ్రాములో వెయ్యో వంతుల లెక్కలో ఉన్నా, ఎక్కువ రోజులు ఉంటే హాని చేస్తుంది. అయితే నేలలో అది ఉన్నంత మాత్రాన చేపకు తగలదు. ఇనుము చాలావరకు కట్టిపడేస్తుంది, మిగిలింది పైపొరలోని ఆక్సిజన్ దాటేలోపు మామూలు సల్ఫేట్‌గా మారిపోతుంది. ఎవరూ కదపనంతవరకు ఇబ్బంది లేదు. కదిపినప్పుడే ముప్పు.

భీమవరం, కైకలూరు ప్రాంతాల్లో చేపలు, రొయ్యలు పెంచేవాళ్ళకు ఇది కొత్త విషయం కాదు. పట్టుబడి అయ్యాక చెరువు నీళ్ళు తోడేసి, అడుగు నెర్రెలు విచ్చేదాకా ఎండగడతారు. నల్లబురద ఎక్కువగా ఉంటే ఎత్తి గట్టు మీద పోస్తారు, సున్నం చల్లుతారు, ఆ తర్వాతే కొత్త పంటకు నీళ్ళు పెడతారు. ఎండగట్టడమంటే నేలలోకి గాలిని దించడం. గాలి తగిలితే ఐరన్ సల్ఫైడ్ విరిగిపోతుంది, నలుపు పోతుంది. ఇంట్లో కూడా దీన్ని కళ్ళారా చూడవచ్చు. తొట్టి అడుగు నుంచి తీసిన ఒక నల్లటి ముద్దను తెల్లటి ప్లేటులో పలచగా పరిచి పక్కన పెట్టండి. మొదట కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, కాసేపటికి తగ్గుతుంది. అంచుల నుంచి నలుపు చెదిరి బూడిదరంగు, దాని మీద గోధుమరంగు పాకుతాయి. మర్నాటికి అది మామూలు బురదలా ఉంటుంది.

ఆ మారే క్రమంలో నల్లమట్టి ఆక్సిజన్‌ను తాగేస్తుంది. ప్లేటులో ఉంటే గాలి నుంచి, తొట్టిలో ఉంటే చేపలు పీల్చే నీటి నుంచి. చేపలు లోపల ఉండగానే నేలను కెలికితే మూడు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. సల్ఫైడ్ బయటపడుతుంది, నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది, మట్టి రేణువుల మధ్య నెలల తరబడి పోగుపడ్డ అమ్మోనియా నీటిలో కలుస్తుంది. చెరువు రైతు చేపలు లేనప్పుడే అడుగును బాగుచేస్తాడు. తొట్టి యజమాని కూడా అదే సూత్రం పాటించాలి.

మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. నేలలో పుల్ల గుచ్చితే వచ్చే బుడగలన్నీ విషం కావు. నైట్రేట్ మెట్టు దగ్గర పుట్టే నత్రజని, చివరి మెట్టు మీథేన్, బొగ్గుపులుసు వాయువు, వీటికి వాసన లేదు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తేనే జాగ్రత్త పడాలి. మన ముక్కు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను అతి తక్కువ మోతాదులో కూడా పసిగడుతుంది.

అసలు పనివాళ్ళు ఎక్కడ ఉంటారు?

చేప తిన్న మాంసకృత్తులలోని నత్రజనిలో ఎక్కువ భాగం మొప్పల గుండా అమ్మోనియాగా బయటికి వస్తుంది. దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు లేకపోతే ఏ తొట్టీ నిలవదు. ఇవి రసాయనాల నుంచే శక్తి తీసుకుని బతుకుతాయని రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో తేల్చాడు. ఆ తర్వాత చాలా దశాబ్దాలపాటు అక్వేరియం పుస్తకాలు రెండు పేర్లు చెబుతూ వచ్చాయి. అమ్మోనియాకు నైట్రోసోమోనాస్, నైట్రైట్‌కు నైట్రోబాక్టర్.

జన్యు పరీక్షలు వచ్చాక ఈ జాబితా తలకిందులైంది. 1998లో తిమోతీ హొవానెక్ బృందం మంచినీటి అక్వేరియంలలో నైట్రైట్ పని చూసేది నైట్రోబాక్టర్ కాదని, నైట్రోస్పైరా జాతి అని చూపించింది. 2011లో కెనడా పరిశోధకులు మంచినీటి తొట్ల ఫిల్టర్లలో అమ్మోనియాను మార్చే పని ఎక్కువగా బాక్టీరియా చేతిలో లేదని, ఆర్కియా అనే మరో తరహా సూక్ష్మజీవులు చేస్తున్నాయని చెప్పారు. 2015లో ఇంకో ఆశ్చర్యం. అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా మొత్తం పని ఒక్కటే చేసే నైట్రోస్పైరా రకాలు ఉన్నాయని రెండు బృందాలు ఒకేసారి ప్రకటించాయి. వాటిలో నెదర్లాండ్స్ బృందానికి ఆ జీవులు దొరికింది చేపల పెంపకంలో వాడే ఫిల్టర్‌లోనే.

వీటన్నిటికీ ఉమ్మడి స్వభావాలు రెండున్నాయి. ఒకటి, ఇవి నెమ్మదిగా పెరుగుతాయి. పేగుల్లోని ఈ-కోలై అనుకూలమైన చోట ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు అవుతుంది. ఇవి రెట్టింపు కావడానికి చాలా గంటలు, ఒక్కోసారి ఒక రోజు పైనే పడుతుంది. అందుకే కొత్త తొట్టి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రెండు, ఇవి నీటిలో తేలుతూ తిరగవు. స్పాంజికో, రాయికో, ఇసుక రేణువుకో అంటుకుని సన్నటి జిగురు పొర కట్టుకుని, ఆక్సిజన్ బాగా అందే చోట ఉంటాయి. అంటే ఫిల్టర్‌లో, నేల పైపొరలో, మొక్కల ఆకుల మీద.

నేల మార్చేవాళ్ళు తలకెక్కించుకోవాల్సింది ఈ రెండో స్వభావమే. పాత నీళ్ళు దాచుకుంటే బాక్టీరియా దాచుకున్నట్టేనని చాలామంది నమ్ముతారు. నీళ్ళలో అవి నామమాత్రం. ఫిల్టర్ బాగా పండి ఉంటే, నేల మొత్తం తీసేసినా తొట్టి తట్టుకోగలదు. నేల మార్చిన రోజునే ఫిల్టర్ కూడా శుభ్రంగా ఉండాలని స్పాంజిని కుళాయి కింద పిండి కడిగితే మాత్రం పనివాళ్ళందరినీ ఒకేరోజు బయటికి పంపినట్టే. మున్సిపల్ నీళ్ళలో క్లోరిన్ కలిపేది సూక్ష్మజీవుల్ని చంపడానికే. అది మన పనివాళ్ళని వేరుగా చూడదు.

మార్చాలా, వద్దా?

నేల మార్చడానికి బలమైన కారణాలు మూడే. మొదటిది, ఆక్వా సాయిల్ బురదగా మారడం. ప్రకృతి దృశ్యాల్లాంటి తొట్లతో పేరు తెచ్చుకున్న జపాన్ ఫోటోగ్రాఫర్ తకాషి అమానో 1982లో స్థాపించిన ఆక్వా డిజైన్ అమానో లాంటి సంస్థల వల్ల ఈ మట్టి గింజలకు ప్రచారం వచ్చింది. పోషకాలున్న మట్టిని గింజలుగా చేసి గట్టిపరుస్తారు. వేళ్ళు తేలిగ్గా దిగుతాయి, పోషకాలు నిండుగా ఉంటాయి, నీటి పీహెచ్‌ను తగ్గిస్తాయి. రెండు మూడేళ్ళలో గింజలు మెత్తబడి, వేలితో నొక్కితే చిదిమిపోతాయి. మధ్య సందులు మూసుకుపోయి నీరు కదలదు, నలుపు పైకి ఎక్కుతుంది. రెండోది, సరైనది కాని రాయి వేయడం. సున్నపు రాయి, పగడపు ముక్కలు, గవ్వలు కలిసిన ఇసుక నీటి కాఠిన్యాన్ని నిరంతరం పెంచుతూనే ఉంటాయి. మూడోది, పుల్ల గుచ్చిన ప్రతిచోటా కుళ్ళిన గుడ్డు వాసన రావడం.

మిగతా ఫిర్యాదులకు నేల మార్చనక్కర్లేదు. పైన గోధుమరంగు మడ్డి పేరుకుంటే సైఫన్ పైపు పెట్టి పైపైన లాగేస్తే సరిపోతుంది. కొత్త ఆకులు పాలిపోతుంటే నేలలో పోషకాలు తరిగాయన్నమాట, వేళ్ళ దగ్గర ఎరువు బిళ్ళలు నాలుగైదు గుచ్చితే చాలు. ఇసుక, గులకరాళ్ళు అరిగిపోవు. స్ఫటిక ఇసుక పదేళ్ళ తర్వాత కూడా ఇసుకే. ఒకచోట నల్లమచ్చ ఉంటే అక్కడ వేళ్ళు బలంగా పట్టే మొక్క నాటడం మంచిది. మన పొలాల కాలువల్లో దొరికే, పొడుగ్గా మురి తిరిగిన చిన్న నత్తలు ఇసుకలోకి దూరి మెల్లగా తిప్పుతూ కూడా ఈ పని చేస్తాయి. తిండి ఎక్కువైతే మాత్రం అవి వందల్లో పెరుగుతాయి.

ఏ మట్టి వేయాలి?

ఇసుకకూ మట్టికీ తేడా పోషకాల్లోనే కాదు, వాటిని పట్టి ఉంచే శక్తిలో ఉంది. బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది. అమ్మోనియం, పొటాషియం, కాల్షియం లాంటి ధనావేశ అయాన్లు దానికి అతుక్కుని, వేరు అడిగినప్పుడు విడుదలవుతాయి. మన నల్లరేగడిలో ఉండే మాంట్‌మొరిల్లొనైట్ అనే బంక 100 గ్రాములకు 80 నుంచి 120 మిల్లీ ఈక్వివలెంట్ల అయాన్లను పట్టుకోగలదు. ఎర్రనేలల్లో ఎక్కువగా ఉండే కెయోలినైట్‌కు ఆ శక్తి 3 నుంచి 15 మాత్రమే. స్ఫటిక ఇసుకకు దాదాపు శూన్యం.

ఈ లెక్క చూసి నల్లరేగడి తెచ్చి తొట్టిలో పోయడం తొందరపాటు. అది నీటిలో ఉబ్బుతుంది, సన్నటి రేణువులు రోజుల తరబడి తేలుతూ నీళ్ళను మురికి చేస్తాయి, చాలాచోట్ల అందులో సున్నపు గులకలు కూడా ఉంటాయి. అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ 1999లో అచ్చువేసిన పుస్తకం తర్వాత తోటమట్టి వాడకం పెరిగింది. ఆమె పద్ధతిలో అడుగున అంగుళం మందం మట్టి, దాని మీద అంగుళం గులకరాళ్ళు లేదా ఇసుక మూతలా వేస్తారు. మనదగ్గర ఇది చేయాలనుకుంటే రసాయన ఎరువు గానీ, పచ్చి పేడ గానీ తగలని ఎర్రమట్టిని జల్లించి వాడటం మేలు. ఎర్రమట్టి పట్టు తక్కువైనా ఇనుము పుష్కలంగా ఉంటుంది.

నీళ్ళ సంగతి కూడా ముందే చూసుకోవాలి. హైదరాబాద్‌లో కృష్ణా, గోదావరి, మంజీరా నుంచి వచ్చే కుళాయి నీళ్ళతో పోలిస్తే బోరు నీళ్ళు చాలాచోట్ల బాగా కఠినం. ఆక్వా సాయిల్ పీహెచ్‌ను తగ్గించేది నీటిలోని బైకార్బొనేట్‌ను ఖర్చుచేసే ఆమ్ల నిల్వ వల్ల. నీరు కఠినమైతే ఆ నిల్వ తొందరగా అయిపోతుంది. ఖరీదు పెట్టి కొన్న గుణం కొద్ది నెలల్లోనే పోతుంది. అలాంటి ఇంట్లో మామూలు నది ఇసుక వేసి, బైకార్బొనేట్ నుంచే కర్బనం తీసుకోగల వాలిస్నేరియా, హైడ్రిల్లా లాంటి మొక్కలు పెంచడం తెలివైన పని.

ఇసుక ఏదైనా వేసేముందు ఒక పరీక్ష ఉంది. గుప్పెడు ఇసుకను గాజు గ్లాసులో వేసి, కాస్త వెనిగర్ పోయండి. బుసబుస నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు. గింజ సైజు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు ఉంటే మంచిది. మరీ సన్నదైతే గట్టిగా కుదురుకుని నీటిని కదలనివ్వదు. మరీ లావైతే తిండి సందుల్లోకి జారి కుళ్ళుతుంది. రాతిని పగలగొట్టి చేసే ఇసుక అంచులు పదునుగా ఉంటాయి, నేలను మూతితో కెలికే కోరిడోరస్ లాంటి చేపలకు అది పనికిరాదు.

మార్చే రోజు

రెండడుగుల తొట్టి ఒకటి లెక్కలోకి తీసుకుందాం. పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 36. అడుగున 5 సెంటీమీటర్ల నేల వేయాలంటే 9 లీటర్లు కావాలి. ఆక్వా సాయిల్ అయితే తొమ్మిది లీటర్ల సంచి ఒకటి సరిపోతుంది. పొడి ఇసుక అయితే సుమారు 14 కిలోలు. పైన కాస్త ఖాళీ వదిలితే నీళ్ళు 50 లీటర్ల వరకు పడతాయి. తీసే పాత ఇసుక నీళ్ళు పీల్చి ఉంటుంది కాబట్టి 18 కిలోల దాకా తూగుతుంది. నీళ్ళు తోడేశాం కదా అని ఇసుకతో సహా తొట్టిని ఎత్తకూడదు. ఆ బరువు ఒక పక్కకి ఒరిగితే అద్దాల మధ్య సిలికాన్ అతుకులు విడతాయి.

ముందురోజు కొత్త ఇసుకను బకెట్‌లో వేసి, చేత్తో కలుపుతూ నీళ్ళు తేటపడేదాకా కడిగి ఉంచాలి. ఆక్వా సాయిల్‌ను మాత్రం కడగకూడదు, గింజలు విరిగిపోతాయి. కుళాయి నీళ్ళు అవసరమైనంత పట్టి, క్లోరిన్ పోవడానికి ఒక రోజు మూత తీసి ఉంచాలి. అంత సమయం లేకపోతే అక్వేరియం షాపుల్లో దొరికే సోడియం థయోసల్ఫేట్ ఆధారిత మందు కలపాలి. వాడే బకెట్లు, మగ్గులు సబ్బు తగలనివై ఉండాలి. ఆ రోజు పొద్దున చేపలకు తిండి పెట్టకపోవడమే మంచిది.

మొదట చేయాల్సింది పాత నీళ్ళు సగం, పైనుంచి తేటగా ఉన్నవి సైఫన్‌తో తోడి పెద్ద టబ్‌లోకి పట్టుకోవడం. ఇందులో బాక్టీరియా లేకపోయినా, చేపలకు అలవాటైన కాఠిన్యం, పీహెచ్ ఉంటాయి. ఆ రెండూ హఠాత్తుగా మారితే చేప శరీరంలోని లవణాల సమతుల్యం దెబ్బతింటుంది. ఫిల్టర్‌ను తీసి ఆ టబ్‌లోనే ఆడించాలి, లేదా స్పాంజ్ ఫిల్టర్‌కు ఎయిర్ పంపు తగిలించాలి. ఫిల్టర్ గంటల తరబడి ఆగిపోతే అందులోని జీవులు ఆక్సిజన్ అందక చావడం మొదలుపెడతాయి. తర్వాత మొక్కల్ని వేళ్ళు తెగకుండా మెల్లగా లాగి, తడి న్యూస్‌పేపర్‌లో చుట్టి నీడలో పెట్టాలి. చేపల్ని పట్టడం అప్పుడే, మొక్కలు, రాళ్ళు తీసేశాక. అడ్డం ఏమీ లేకపోతే వాటిని వెంటపడి బెదరగొట్టాల్సిన అవసరం ఉండదు. టబ్ మీద వల గానీ, అట్ట గానీ కప్పాలి. భయపడ్డ చేప ఎగిరి నేల మీద పడుతుంది.

చేపలు బయటికి వచ్చాక ఇక నేలను నిర్భయంగా తవ్వవచ్చు. మిగిలిన మురికి నీళ్ళు తోడేసి, చేటలాంటి చిన్న ప్లాస్టిక్ డస్ట్‌పాన్‌తో ఒక మూల నుంచి కొద్దికొద్దిగా ఎత్తాలి. లోహపు పార వాడితే అద్దం మీద గీతలు పడతాయి. కిటికీలు తెరిచి ఉంచడం మంచిది. నల్లబురద అడుగున అంటుకుని ఉంటే, కాసిని నీళ్ళు పోసి తడిగుడ్డతో తుడిచేయాలి. తీసిన బురదను సింక్‌లో పారబోస్తే గొట్టాలు మూసుకుపోతాయి. మొక్కల కుండీల్లో వేస్తే ఒకటి రెండు రోజుల్లో వాసన పోయి మంచి ఎరువవుతుంది.

కొత్త నేల పరిచేటప్పుడు ముందు వైపు తక్కువ, వెనుక వైపు ఎక్కువ ఎత్తు ఉంచితే చూడటానికి లోతు వస్తుంది. మొక్కల్ని ఈ దశలోనే, నీళ్ళు రెండు మూడు అంగుళాలు ఉండగా నాటడం తేలిక. నీళ్ళు పోసేటప్పుడు నేల మీద ఒక ప్లేటు గానీ, ప్లాస్టిక్ కవరు గానీ పరిచి, దాని మీద మెల్లగా ధార పడేలా చూసుకోవాలి. ముందు దాచిన పాత నీళ్ళు, ఆపై కొత్త నీళ్ళు. ఫిల్టర్ వెంటనే ఆన్ చేయాలి. వేసింది ఇసుక గానీ, గులకరాళ్ళు గానీ అయితే నీళ్ళు తేటపడి, ఉష్ణోగ్రత సరిపోయాక చేపల్ని సాయంత్రానికి తిరిగి వదలవచ్చు.

ఆక్వా సాయిల్ వేసినప్పుడు మాత్రం అలా కుదరదు. అది మొదటి కొన్ని వారాలు తానే అమ్మోనియా వదులుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా చేపలు టబ్‌లోనే ఉండాలి. అప్పుడు ఫిల్టర్ ఎవరి దగ్గర ఉండాలన్నది చిక్కు ప్రశ్న. స్పాంజిని రెండుగా కోసి, ఒక ముక్క టబ్‌లో ఎయిర్ పంపుకి, రెండోది తొట్టి ఫిల్టర్‌లో పెట్టడం సులువైన పరిష్కారం. అన్ని వారాలు టబ్ పెట్టే చోటు లేనివాళ్ళు ఆక్వా సాయిల్ జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

తర్వాతి నెల

మొదటి రోజు నీళ్ళు బూడిదరంగులో ఉంటే అది దుమ్ము, ఫిల్టర్ లాగేస్తుంది. రెండు నుంచి నాలుగో రోజు మధ్య పాలు కలిపినట్టు తెల్లబడితే అది వేరే బాక్టీరియా ఒక్కసారిగా పెరగడం. దానంతట అదే తగ్గుతుంది. రంగు కంటే టెస్ట్ కిట్ చెప్పేది ముఖ్యం. మొదటి వారం రోజూ అమ్మోనియా, నైట్రైట్ చూడాలి. కనిపిస్తే సగం నీళ్ళు మార్చాలి.

అమ్మోనియా అంకె ఒక్కటే చూసి తేల్చకూడదు. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం అయాన్ పెద్దగా హాని చేయదు, అమ్మోనియా అణువు మొప్పల్లోంచి దూరిపోతుంది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 దగ్గర మొత్తంలో ఒక శాతం కన్నా తక్కువే విషరూపంలో ఉంటుంది. పీహెచ్ 8కి చేరితే 5 శాతం దాటుతుంది, 8.5కి 15 శాతం దగ్గరకు వస్తుంది. ఒకే టెస్ట్ ఫలితం బోరు నీళ్ళ తొట్టిలో మెత్తటి నీళ్ళ తొట్టి కంటే పది, ఇరవై రెట్లు ప్రమాదకరం కావచ్చు. హైడ్రోజన్ సల్ఫైడ్ వ్యవహారం దీనికి తిరగబడి ఉంటుంది. పీహెచ్ 7 దగ్గర అందులో సగం విషరూపంలో ఉంటే, 8 దగ్గర పదో వంతు కూడా ఉండదు. క్షార జలంలో అమ్మోనియాకు, ఆమ్ల జలంలో నల్లబురదకు ఎక్కువ జాగ్రత్త పడాలి.

చేపలకు మొదటి వారం తిండి సగానికి తగ్గించాలి, లైటు రోజుకు ఆరు గంటలు చాలు. నేల కదిలినప్పుడు విడుదలైన పోషకాలకు వెలుతురు తోడైతే ముందు లాభపడేది నాచే. క్రిప్టోకొరైన్ ఆకులు వారంలో కరిగి ముద్దగా రాలిపోవచ్చు. చోటు మార్చినందుకు ఆ మొక్క చూపే స్వభావమది. వేరు బతికే ఉంటుంది, పీకకుండా వదిలేస్తే కొన్ని వారాలకు కొత్త ఆకు వస్తుంది. ఇన్ని ఇబ్బందులు వద్దనుకునేవాళ్ళు ఇసుక తొట్టిలో మూడో వంతు చొప్పున, రెండు మూడు వారాల ఎడంతో మార్చుకోవచ్చు. బురదైపోయిన ఆక్వా సాయిల్‌కు ఇది పనికిరాదు. ఒక మూల తవ్వితే పక్క మూల జారి వస్తుంది.

ఇదంతా చూశాక నేల ఎంచుకునే పద్ధతే మారాలి. షాపులో సంచి మీద మొక్కల బొమ్మ చూసి కొనే బదులు, ఈ నేలను ఎప్పుడు తీయాల్సి వస్తుంది, ఆ రోజు చేపలు ఎక్కడ ఉంటాయి అని ముందే ప్రశ్నించుకోవాలి. తివాచీలా పరుచుకునే సన్నటి మొక్కలు కావాలంటే ఆక్వా సాయిల్ వేయవచ్చు. దానితోపాటు రెండు మూడేళ్ళకోసారి ఈ పనంతా చేయడానికి కూడా ఒప్పుకోవాలి. చేపలే ముఖ్యమైతే పలచటి ఇసుక పొర, దాని మీద కర్రకు కట్టిన అనూబియాస్, జావా ఫెర్న్ చాలు. వాటి వేళ్ళకు నేలతో పనే లేదు, ఆ ఇసుకను తీసే అవసరమూ దాదాపు రాదు. ఈ రెండిటి మధ్య ఇసుక, ఎరువు బిళ్ళలు, వాలిస్నేరియా. మన ఊళ్ళ కఠినమైన నీళ్ళలో ఎక్కువమందికి నప్పేది ఇదే.